వియన్నాకు ముందూ వెనకా: మొదటి ఆర్తూర్ జోర్జ్ కథ

2024 నవంబర్ 30న బ్యూనస్ ఐరిస్‌లో దక్షిణ అమెరికా ఫుట్‌బాల్ క్లబ్‌ల పెద్ద కప్పు, కోపా లిబర్టడోరెస్ ఫైనల్ జరిగింది. బ్రెజిల్ క్లబ్ బొటాఫోగోకి తొలి నిమిషంలోనే రెడ్ కార్డు పడింది. అయినా పది మందితోనే ఆడి అట్లెటికో మినేరోను 3-1తో ఓడించి కప్పు ఎత్తుకుపోయింది. కోచ్ పేరు ఆర్తూర్ జోర్జ్, పోర్చుగల్ మనిషి, ఒకప్పుడు బ్రాగా జట్టు డిఫెండర్. 2019 నుంచి 2024 దాకా ఈ కప్పు ఆరుసార్లు జరిగితే నాలుగుసార్లు గెలిపించింది పోర్చుగీసు కోచ్‌లే. జోర్జ్ జెజుస్ ఒకసారి, ఆబెల్ ఫెరైరా రెండుసార్లు, ఈయన ఒకసారి. కోటి జనాభా ఉన్న దేశానికి ఇంతమంది కోచ్‌లు ఎక్కడినుంచి వచ్చారని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒక్కటే: పేరుమోసిన పోర్చుగీసు కోచ్ మొరీన్యో.

ఆ జవాబు సగమే నిజం. మిగతా సగం కోసం ఇంకో ఆర్తూర్ జోర్జ్ దగ్గరికి వెళ్లాలి. ఈ ఇద్దరికీ చుట్టరికం లేదు, పేరొక్కటే కలిసింది. ఆ మొదటాయన అదే 2024లో, ఫిబ్రవరి 22న, 78 ఏళ్ల వయసులో చనిపోయాడు.

1946లో పోర్తో నగరంలో పుట్టాడు. సొంతూరి క్లబ్‌లో కొద్ది మ్యాచ్‌లు ఆడాక 1965లో కోయింబ్రా చేరాడు. చదువుకోడానికీ ఆడుకోడానికీ అంతకంటే మంచి చోటు ఆ రోజుల్లో పోర్చుగల్‌లో లేదు. అక్కడి అకడెమికా విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘం క్లబ్. నల్ల చొక్కాలు, జట్టులో చాలామంది విద్యార్థులు. సరదా జట్టేమీ కాదు, 1966-67లో లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. ఆర్తూర్ జోర్జ్ అక్కడ ఫార్వర్డ్‌గా గోల్స్ కొడుతూనే జర్మన్ భాషా సాహిత్యాలు చదివాడు. డిగ్రీ తెచ్చుకున్నాడు. తర్వాత రోజుల్లో ఒక కవితా సంపుటి కూడా వేసుకున్నాడు. పెద్ద జట్టు స్ట్రైకర్ కవిత్వం రాయడం ఇప్పుడు కూడా వింతే కదా!

అది నియంతృత్వ కాలం. 1969 ఏప్రిల్‌లో కోయింబ్రాకి దేశాధ్యక్షుడు వస్తే, విద్యార్థి నాయకుడు మాట్లాడటానికి అనుమతి అడిగాడు. ఇవ్వలేదు సరికదా, అరెస్టు చేశారు. క్లాసుల బహిష్కరణ మొదలైంది. ఆ వేడిలోనే అకడెమికా జాతీయ కప్పు ఫైనల్‌కి చేరింది. జూన్ 22న లిస్బన్ పక్కనున్న స్టేడియం విద్యార్థుల బ్యానర్లతో నిండిపోయింది. ఏటా కప్పు అందించే అధ్యక్షుడు ఆ రోజు రాలేదు. టీవీలో ప్రసారం కూడా చేయలేదు. ఎక్స్‌ట్రా టైమ్‌లో స్టార్ ఫార్వర్డ్ యుసేబియో గోల్‌తో లిస్బన్ క్లబ్ బెన్ఫికా 2-1తో గెలిచింది. ఆర్తూర్ జోర్జ్ ఆ మ్యాచ్‌లో లేడు. ఆ తర్వాత సీజన్‌కల్లా ఓడించిన జట్టులోనే చేరాడు. బెన్ఫికాలో నాలుగు లీగ్ టైటిళ్లు అందుకున్నాడు. యుసేబియో ఉన్న జట్టులో ఉండి కూడా 1970-71లో 23, మరుసటి ఏడు 27 గోల్స్‌తో లీగ్‌లో అందరికంటే పైన నిలిచాడు. 1972లో ఆటగాళ్లు సంఘం పెట్టుకున్నప్పుడు దాని వ్యవస్థాపకుల్లో ఒకడు. సంఘం అన్న మాటకే పోలీసులు వచ్చే రోజులవి.

ఆట ముగిశాక తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్ వెళ్లి కోచింగ్ చదివాడు. నా లెక్కలో కథ మలుపు ఇదే. అప్పటిదాకా పోర్చుగల్ పెద్ద విజయాల వెనక ఉన్నది బయటి కోచ్‌లు. 1961, 62ల్లో బెన్ఫికాకి యూరోపియన్ కప్పులు (ఇప్పటి చాంపియన్స్ లీగ్) తెచ్చిన బేలా గుట్‌మాన్ హంగేరీవాడు. 1966 ప్రపంచకప్‌లో మూడో స్థానం తెచ్చిన ఓటో గ్లోరియా బ్రెజిల్ మనిషి. సొంత దేశంలో పెద్ద పేరున్న కోచ్ జొసే మరియా పెద్రోతు ఉన్నాడు గానీ ఆయనకు యూరప్ కప్పు అందలేదు. ఆర్తూర్ జోర్జ్ ఆ పెద్రోతు దగ్గర గిమరాయిష్ క్లబ్‌లో అసిస్టెంట్‌గా పనిచేశాడు. 1984లో పెద్రోతు క్యాన్సర్‌తో మంచాన పడితే పోర్తో క్లబ్ పగ్గాలు ఈయన చేతికొచ్చాయి. వరసగా రెండు లీగ్‌లు గెలిచాడు.

1987 మే 27, వియన్నా. యూరోపియన్ కప్పు ఫైనల్. ఎదురుగా బయెర్న్ మ్యూనిక్. పోర్తో గోల్స్ యంత్రం ఫెర్నాందో గోమెష్ గాయంతో దూరం. 25వ నిమిషానికి కోగ్ల్ తలతో కొట్టి బయెర్న్‌ని ముందుకు తీసుకెళ్లాడు. హాఫ్ టైమ్‌లో ఆర్తూర్ జోర్జ్ మిడ్‌ఫీల్డర్ కీమ్‌ని తీసేసి చిన్నపాటి బ్రెజిల్ ఫార్వర్డ్ జువరీని దింపాడు. మ్యాచ్ తిరిగింది అక్కడే. 77వ నిమిషంలో జువరీ అందించిన బంతిని అల్జీరియా ఆటగాడు రబా మజేర్ గోల్‌కి వీపు పెట్టి మడమతో నెట్టాడు. మూడు నిమిషాల తర్వాత మజేర్ క్రాస్ ఇచ్చాడు, జువరీ కొట్టాడు. 2-1. యూరోపియన్ కప్పు గెలిచిన మొదటి పోర్చుగీసు కోచ్ ఆయనే. రెండో మనిషి రావడానికి 17 ఏళ్లు పట్టింది. ఆయనే మొరీన్యో, అదీ అదే పోర్తోతో, 2004లో. చదువుకుని కోచ్ అవ్వడం అప్పటికి వింత కాదు. మరో పోర్చుగీసు కోచ్ కార్లోస్ కైరోష్, మొరీన్యో ఇద్దరూ లిస్బన్‌లో వ్యాయామ విద్య చదివినవాళ్లే.

గుబురు మీసం, తక్కువ మాటలు. అభిమానులు ‘ఆర్తూర్ రాజు’ అన్నారు. రాజుకి పారిస్ మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. 1991 నుంచి మూడేళ్లు అక్కడి క్లబ్ పీఎస్‌జీని నడిపి, 1993లో ఫ్రెంచ్ కప్పు, 1994లో లీగ్ గెలిపించాడు. జార్జ్ వేయా, జినోలా లాంటి వాళ్లున్నా ఆట చప్పగా ఉందని సొంత ప్రేక్షకులే ఈలలేశారు. చాంపియన్‌గానే సాగనంపారు.

ఆ తర్వాత దిగుడు మెట్లే ఎక్కువ. బెన్ఫికా తిరిగి పిలిచి, ఏడాది తిరిగాక తీసేసింది. స్విట్జర్లాండ్ కోచ్‌గా 1996 యూరో ముందు జట్టులోంచి క్నూప్, సుటర్‌లను తప్పించినందుకు అక్కడి పత్రికలు దుమ్మెత్తిపోశాయి. వెంబ్లీలో ఇంగ్లండ్‌తో 1-1 చేసినా, ఆ ఒక్క పాయింట్‌తోనే ఇంటికొచ్చారు. 1997 మార్చిలో పోర్చుగల్ జాతీయ జట్టు కోచ్‌గా ఉండగా, తనను ఎంపిక చేయలేదన్న కోపంతో ఫార్వర్డ్ సా పింతో ప్రాక్టీస్ దగ్గరికే వచ్చి ఆయన మీద చెయ్యి చేసుకున్నాడు. సా పింతోకి ఏడాది నిషేధం పడింది. 1998 ప్రపంచకప్‌కి పోర్చుగల్ వెళ్లనేలేదు.

ఆయన మాత్రం మూట సర్దుకుంటూనే ఉన్నాడు. రొనాల్డో చేరడానికి ఇరవై ఏళ్ల ముందే సౌదీలో అల్ నస్ర్‌కి కోచ్‌గా వెళ్లాడు. మాస్కోలో సీఎస్‌కేఏ క్లబ్, తర్వాత కామెరూన్ జాతీయ జట్టు. 2005 అక్టోబర్‌లో కామెరూన్ రాజధాని యవుందేలో ఈజిప్టుతో స్కోరు 1-1. గెలిస్తే ప్రపంచకప్. చివరి క్షణాల్లో పెనాల్టీ దొరికింది. వోమే కొట్టిన బంతి గోల్‌పోస్టుకి తగిలింది. టికెట్ ఐవరీ కోస్ట్‌కి దక్కింది.

చివరి కొలువు 2015లో అల్జీరియా రాజధాని అల్జీర్స్‌లో, ఎంసీ అల్జీర్ క్లబ్‌తో. మజేర్ పుట్టిన ఊరు అదే.