గోపురం ఒక పక్క, చర్చి ఒక పక్క

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

నేను పంపిన ఫోటో చూసి, ఆ గంటల గోపురానికీ చర్చికీ మధ్య అంత ఖాళీ ఎందుకు వదిలారని అడిగారు. ఫోనులో రెండు ముక్కలు చెప్పి ఊరుకోబుద్ధి కాక ఈ ఉత్తరం రాస్తున్నాను.

అది కావాలని వదిలిన ఖాళీ కాదు. ఉట్రెక్ట్ నడిబొడ్డున ఉన్న ఈ డోమ్ గోపురాన్ని 1321లో మొదలుపెట్టి 1382లో ముగించారు. ఎత్తు 112 మీటర్లు. నెదర్లాండ్స్‌లో ఇంతకు మించిన చర్చి గోపురం లేదు. దీనికీ చర్చి తూర్పు భాగానికీ నడుమ పొడవాటి మండపం ఉండేది గాని, డబ్బు చాలక దానికి తగిన ఊతాలు కట్టలేదు. 1674 ఆగస్టు 1న వచ్చిన పెనుగాలికి ఆ మండపం కుప్పకూలింది, అటూ ఇటూ ఉన్నవి మాత్రం నిలిచాయి. ఆ రాళ్లగుట్టను సుమారు 150 ఏళ్లు అలాగే వదిలేసి, 1826లో గాని ఎత్తివేయలేదు. ఇప్పుడక్కడ చదునైన చౌకు ఉంది. పరచిన రాళ్ల రంగులో తేడా చూసుకుంటూ నడిస్తే పాత స్తంభాలు ఎక్కడుండేవో తెలుస్తుంది. మొదటి రోజు నేను వాటిని గమనించకుండా తొక్కుకుంటూ పోయాను. మర్నాడు మళ్లీ వెళ్లి ఒక్కొక్కటే వెతుక్కున్నాను. అదే నేల అడుగున రోమన్ల కోట కూడా ఉంది. వారు దీనిని ట్రాయెక్టుమ్ అన్నారు, అంటే నది దాటే రేవు. ఊరి పేరు అందులోంచే వచ్చింది.

అక్కడికి దగ్గరలోనే ఔడెగ్రాక్ట్, అంటే పాత కాలువ. ఇక్కడ వీధి పైన, నీటి ఒడ్డు ఒక అంతస్తు కింద ఉంటాయి. పడవల్లో వచ్చిన సరుకును ఒడ్డున దించి, వీధి కిందుగా తవ్విన నేలమాళిగల్లోకి నేరుగా చేర్చేవారు. ఇప్పుడు వాటిలో చాలావరకు హోటళ్లు. కింది ఒడ్డున నాటిన చెట్ల కొమ్మలు పై వీధిలో నడిచేవాళ్ల భుజాలకు తగులుతుంటే, చెట్టు నడుము దగ్గర నిలబడినట్టు ఉంటుంది.

ఊరి చుట్టూ ఉన్న అగడ్తలో కొంత భాగాన్ని 1970లలో పూడ్చి కార్ల కోసం పెద్ద రోడ్డు వేశారు. అది తప్పని జనానికి తోచింది. 2002లో ఓటు వేసి తేల్చుకున్నారు, 2020 సెప్టెంబరులో నీళ్లు తిరిగి వచ్చాయి. వేసిన రోడ్డును తవ్వి కాలువ చేసిన ఊరిని నేను మరొకటి చూడలేదు.

రైలు స్టేషనుకు పడమట లాంబోక్ అనే పేట ఉంది. అక్కడి తుర్కీ కొట్లలో నాకు పచ్చిమిర్చి, కొత్తిమీర దొరుకుతాయి. వీధుల పేర్లు మాత్రం డచ్చివారు ఏలిన ఇండోనేషియావి. ఒక వీధికి యాన్ పీటర్‌స్జోన్ కూన్ పేరు పెట్టారు. 1621లో జాజికాయ కోసం బందా దీవుల జనాన్ని ఊచకోత కోయించినవాడు. ఆ పలక కింద నిలబడితే నాకు మనసు బాగుండదు. ఆయన పనిచేసిన డచ్ ఈస్టిండియా కంపెనీయే మన బందరులోనూ వర్తకం చేసింది, అక్కడి వలందపాలెం వారి పేరుతో మిగిలినదే.

సెలవులకు వచ్చినప్పుడు గోపురం 465 మెట్లూ మీరెక్కండి. నా మోకాళ్లు ఒప్పుకోవు కనుక నేను కింద చౌకులో, ఏదో ఒక స్తంభం గుర్తు మీద నిలబడి ఉంటాను.

ఇట్లు,
మీ తాతయ్య