అప్పారావు దొంగా, తాతయ్యా?

చిరంజీవులు నా మనవరాలికీ, మనవడికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం ఫోన్లో మీరిద్దరూ పోట్లాడుకుని తీర్పు నన్ను చెప్పమన్నారు. తమ్ముడు పుస్తకంలో అప్పారావు కథ చదువుతూ పొట్ట పట్టుకుని నవ్వాడట. నువ్వేమో, "అప్పులు చేసి తీర్చకుండా తిరిగేవాడు దొంగే కదా తాతయ్యా, వాణ్ణి చూసి నవ్వడమేంటి?" అన్నావు. నేను ఏదో చెప్పబోయి ఆగిపోయాను. నువ్వు అలిగి ఫోన్ పెట్టేశావు. అలగకమ్మా. ఇది ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే కాగితం తీసుకుని కూర్చున్నాను. నవ్వొచ్చాక, ఎందుకొచ్చిందని ఆగి అడిగేవాళ్ళు తక్కువ. నువ్వు అడిగావు.

వేసవిలో నా బీరువాలోంచి మీరు పట్టుకెళ్ళిన ఆ పుస్తకం ముళ్ళపూడి వెంకటరమణగారి 'ఋణానందలహరి', అప్పులు చెయ్యడమే పనిగా తిరిగే అప్పారావు కథలు. లోపలికి వెళ్ళేముందు ఒకసారి ఆ పేరు చూడండి. శంకరాచార్యులవారి పేరు మీద 'శివానందలహరి' అని ఒక స్తోత్రం ఉంది. లహరి అంటే కెరటం. శివభక్తిలో పొంగే ఆనందపు కెరటం అన్నమాట. ఆయన అందులోంచి శివుణ్ణి తీసి ఋణాన్ని కూర్చోబెట్టారు. మారింది ఒక్క మాటే. కానీ అప్పు చెయ్యడం ఒక భక్తి అయిపోయింది, అప్పారావు ఒక భక్తుడైపోయాడు. అట్ట మీదే కథ సగం చెప్పేశారు. మా కాలంలో స్తోత్రాలు ఇంట్లో వినపడేవి కాబట్టి పేరు చదవగానే నవ్వొచ్చేది. మీకు రాకపోతే తప్పు మీది కాదు, ఎవరో ఒకరు చెప్పాలి.

ఇలాంటి కథల్లో రచయిత ఒకటి అంటాడు, మనకి ఇంకోటి వినపడాలి. అది మీకు చేతకాని విద్యేం కాదు. మన గోదావరి ఇళ్ళల్లో పిల్లలు పాలతోపాటే తాగేస్తారు. సెలవల్లో వాడు తొమ్మిదింటికి లేచి వస్తే నానమ్మ ఏమంది? "అప్పుడే లేచేశారేంటండీ బాబుగారూ, ఇంకాసేపు పడుకోపోయారా!" అంది. 'అండీ', 'గారూ' అంత దట్టంగా పడ్డాయంటే అది మర్యాద కాదని వాడికి తెలిసిపోయింది, గబగబా పళ్ళు తోముకోడానికి పరిగెత్తాడు. అక్కడ నానమ్మ మొహం ఉంది, గొంతు ఉంది. పుస్తకంలో అవి రెండూ ఉండవు. గొంతు మీరే ఇవ్వాలి. అందుకే ఇలాంటి కథ మొదటిసారి పైకి చదవండి, ఒకళ్ళు చదివితే ఒకళ్ళు వినండి. నవ్వించాలని గొంతు మార్చి చదవొద్దు. ఎమ్మార్వో ఆఫీసు నుంచి వచ్చిన నోటీసు చదివినట్టు, చాలా బుద్ధిగా చదవండి. నలభై ఏళ్ళు క్లాసులో చదివి చూశాను, మాస్టారు నవ్వకపోతేనే పిల్లలు నవ్వుతారు.

ఇంకో సంగతి. మనిషి నైజం గురించి కథ రాసేవాడు ఎక్కడెక్కడో వెతకడు, మనం రోజూ చూసి వదిలేసేదాన్నే పట్టుకుంటాడు. మాఘమాసంలో మన వీధిలో పెళ్ళికి వచ్చారుగా, పంక్తిలో మీ పక్కన కూర్చున్న పెద్దాయన గుర్తున్నారా? వేడి బూరె చిదిపి గుంట చేసుకున్నారు. నెయ్యి గిన్నె వచ్చేసరికి "వద్దు వద్దు, డాక్టరు వద్దన్నాడు" అంటూ విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టారు. ఐదు వేళ్ళూ బార్లా విప్పి పెట్టారు. వడ్డించే కుర్రాడికి అలవాటే, వేళ్ళ సందులోంచి ధారగా పోశాడు. నెయ్యి సరిగ్గా బూరె గుంటలోకి దిగింది. ఆయన చెయ్యి తీసి, "చెప్తే వినరు కదా" అని తినేశారు. ఆయన అబద్ధమాడారా? లేదు. వద్దనుకోవడమూ నిజమే, కావాలనుకోవడమూ నిజమే. నోరు ఒకటి చెప్పింది, వేళ్ళు ఒకటి చెప్పాయి. మంచి కథకుడు అక్కడ ఆ పెద్దాయన్ని తిండిపోతు అని ఒక్క మాట అనడు. ఆ ఐదు వేళ్ళు చూపించి ఊరుకుంటాడు. మీరు కథ చదివేటప్పుడు అలాంటి వేళ్ళు ఎక్కడున్నాయో చూడండి.

అలాగని నవ్వంతా ఒకే రకం కాదు. మన రాజమండ్రి కందుకూరి వీరేశలింగంగారు 1874లో 'వివేకవర్ధని' పత్రిక పెట్టారు, దానికి తోడు 'హాస్య సంజీవని' అని నడిపారు. అందులో ఆయన నవ్వు లంచాలు పట్టే ఉద్యోగుల మీద, మాయ చేసే పెద్దమనుషుల మీద. వాళ్ళు సిగ్గుపడాలి, మానెయ్యాలి. అక్కడ జాలికి చోటు లేదు, ఉండకూడదు కూడా. నువ్వు అప్పారావుని దొంగ అన్నావే, ఈ కథల్లో కూడా అలాంటి నవ్వే ఉందనుకుని అన్నావు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. అందువల్ల ఒక తప్పు జరిగింది. మీ నానమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు మీకు చెప్తున్నాను.

1996 నవంబర్ 6 రాత్రి కోనసీమ మీద తుఫాను విరుచుకుపడింది. దీపావళికి ఇంకా నాలుగు రోజులుంది. తెల్లారి చూస్తే మన ఊరు మనకే తెలియలేదు. కొబ్బరి తోటలో నిలబడితే ఎప్పుడూ నీడే కదా, ఆ రోజు నెత్తిమీద ఆకాశం కనపడింది. లక్షల చెట్లు పోయాయి. వరి పోతే మళ్ళీ ఏడాది వేసుకుంటాం. కొబ్బరి అలా కాదు, మొక్క పాతితే కాపుకి ఆరేడేళ్ళు పడుతుంది. రెండు నెలలకోసారి దింపు తీసి, ఆ డబ్బుతో ఇల్లు గడుపుకునేవాళ్ళకి ఆ ఆరేడేళ్ళు ఎలా గడవాలి?

మా వీధి చివర అలాంటి ఆయన ఒకాయన ఉండేవారు. పేరు రాయను. అరెకరం తోటలో నాలుగు చెట్లు మిగిలాయి. ఏడాది తిరిగేసరికి చేబదుళ్ళు మొదలయ్యాయి. కిరాణా కొట్లో ఖాతా, పక్కింట్లో పాతిక, ఇంకొకరి దగ్గర యాభై. ఇస్తానన్న రోజుకి ఇవ్వలేకపోయేవారు. ఎదురుపడితే ఏదో మాట చెప్పి తప్పుకునేవారు.

ఆ రోజుల్లోనే ఓ ఖాళీ పీరియడ్‌లో ఏడో తరగతి పిల్లలకి ఈ పుస్తకంలోంచి ఒక కథ చదివాను. క్లాసు గొల్లుమంది. నాకు గర్వంగా కూడా అనిపించింది. వారం తిరక్కుండా వీధిలో కుర్రాళ్ళు ఆయన్ని చూసి "అప్పారావుగారండోయ్!" అని అరవడం మొదలెట్టారు. నేను అరుగు మీద కూర్చుని విన్నాను. ఆపలేదు. నిజం చెప్పాలంటే నవ్వుకున్నాను. పేరు భలే అతికిందే అనుకున్నాను. కొన్నాళ్ళకి ఆయన మా వీధిలోంచి రావడం మానేసి, చుట్టైనా సరే కాలవగట్టు మీంచి తిరిగి వెళ్ళేవారు.

మరో ఖాళీ పీరియడ్‌లో నేను మళ్ళీ ఆ పుస్తకం తీశాను. పిల్లలు చప్పట్లు. రెండో బెంచీలో ఒక అమ్మాయి మాత్రం తల బల్ల మీద ఆనించేసింది. ఒంట్లో బాగోలేదేమోనని దగ్గరకెళ్ళాను. తల ఎత్తకుండానే, "ఆ కథ వద్దండి మాస్టారూ" అంది. ఆయన కూతురు. మొదటిసారి చదివినప్పుడు కూడా ఆ పిల్ల అక్కడే కూర్చుని ఉంది. నాకు తట్టలేదు.

ఆ సాయంత్రం పుస్తకం సంచిలో పడేసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. క్షమించమని అడగాలని వెళ్ళాను కానీ మాట పెగల్లేదు. ఆయనే, "ఆయ్, రండి మాస్టారూ, కూర్చోండి" అని నులకమంచం వాల్చారు. పెరట్లో మొదళ్ళు నరికిన చోట చిన్న చిన్న కొబ్బరి మొక్కలు పాతి ఉన్నాయి, మోకాలెత్తు. టీ తాగాక ఎలాగో చెప్పాను, ఆ పేరు నా వల్లే వచ్చిందని. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అందరూ నవ్వుతున్నారు గానీ ఆ కథేంటో నాకు తెలీదండి. నాక్కూడా చదివి వినిపించండి" అన్నారు.

నాకు చెమటలు పట్టాయి. అయినా చదివాను. మొదట ఆయన నేల చూపులు చూస్తూ విన్నారు. సగం అయ్యేసరికి పెదవి కదిలింది. అప్పారావు ఎదుటివాణ్ణి మాటల్తో ముంచెత్తి దర్జాగా అప్పు అడిగే చోటికి వచ్చేసరికి గట్టిగా నవ్వేశారు. కండువాతో కళ్ళు తుడుచుకుని, "అదింకోసారి చదవండి మాస్టారూ" అన్నారు. చదివాను. అప్పుడన్నారు: "వీడు అదృష్టవంతుడండి. అడగడం వచ్చు. నాకు అడగబోతే గొంతు పట్టేస్తది."

అమ్మలూ, అప్పటికి ఆ పుస్తకం నేను పదిసార్లు చదివి ఉంటాను. ఆ మాట నాకు ఒక్కసారీ తోచలేదు.

ఇంటికొచ్చి మళ్ళీ మొదటి పేజీ నుంచి చదివాను. అప్పారావు ఎక్కడా సిగ్గుపడడు, తల దించుకోడు, గొంతు వణకనివ్వడు. అప్పు అడగడంలో ఉన్న బాధనంతా తీసి పక్కన పెట్టి, మిగిలినదాన్ని ఒక కళలాగా, ఒక విద్వాంసుడి కచేరీలాగా మనముందు పెట్టారు రమణగారు. ఆ బాధ ఎంతుంటుందో తెలియనివాడికి దాన్ని అంత శుభ్రంగా తీసెయ్యడం చేతకాదు. ఆయన 1931లో మన ధవళేశ్వరంలోనే పుట్టారు. నాన్నగారు గోదావరి ఆనకట్ట ఆఫీసులో పనిచేసేవారు. రమణగారి చిన్నతనంలోనే ఆయన పోయారు. ఆ తర్వాత మద్రాసు, ఇబ్బందులు, చదువు సాగడమే కష్టమైన రోజులు. వాటన్నిటినీ 'కోతి కొమ్మచ్చి'లో ఆయనే రాశారు. మీరు తప్పకుండా చదవాలి. లేమి ఎలా ఉంటుందో ఒంటి మీద పడి తెలిసినవాడు అప్పారావుని రాశాడు. అందుకే ఎక్కడా వాణ్ణి ఈసడించుకోడు.

కాబట్టి నువ్వు అన్నది తప్పు కాదు. అప్పు తీర్చకపోవడం తప్పే, వాడికి ఇచ్చినవాళ్ళ గోడూ ఉంది, ఆ కథల్లో అదీ కనపడుతుంది, చూడు. తమ్ముడు నవ్వడమూ తప్పు కాదు. నేను చేసిన తప్పు వేరు. పుస్తకంలో ఉన్న మనిషిని బయటికి తీసుకొచ్చి మా వీధిలో నడిచే మనిషికి అతికించనిచ్చాను. కథలో అప్పారావుకి ఆకలి లేదు, బెంచీ మీద తల వాల్చే కూతురు లేదు. మా వీధి చివరి ఆయనకి అవి రెండూ ఉన్నాయి. మీ క్లాసులో కూడా ఎవరికో ఒకరికి పేరు పెట్టాలనిపిస్తుంది, ఇలాంటి కథలు చదివాక మరీ అనిపిస్తుంది. మన గోదావరి నోటికి అది చాలా సులువు. ఆ పేరు నోటిదాకా వచ్చినప్పుడు ఈ ఉత్తరం గుర్తు తెచ్చుకోండి, నాకు అంతే చాలు.

మర్నాడు క్లాసులో పిల్లలకి జరిగింది చెప్పాను, ఆ అమ్మాయి పేరు ఎత్తకుండా. వీధిలో ఆ కేకలు ఒక్కరోజులో ఆగలేదు గానీ ఆగాయి. మిగతావి ఎలా ఉన్నా, ఆయన మళ్ళీ మా వీధిలోంచి రావడం మొదలెట్టారు. సాయంత్రాలు ఒక్కోసారి అరుగు మీద కూర్చుని, "చదవండి మాస్టారూ" అనేవారు. నేను బుద్ధిగా, నోటీసు చదివినట్టు చదివేవాణ్ణి. మొక్కలు కాపుకొచ్చిన ఏడాది మొదటి దింపులో ఒక గెల మనింటికి పంపారు.

మీ దగ్గరున్నది ఆ పుస్తకమే. ఖాకీ అట్ట నేనే వేశాను. మధ్యలో ఒక పేజీ చివర మడిచి ఉంటుంది. ఆయన ఇంకోసారి చదవమన్నది అక్కడే. చదవడం అయ్యాక ఆ మడత అలాగే ఉంచి, సంక్రాంతికి వచ్చేటప్పుడు పట్టుకురండి.

మీ
తాతయ్య