తిరువాన్మియూరు ఇసుకలో పల్లేరు

పొద్దున చెన్నైలోని తిరువాన్మియూరు బీచ్‌లో నడిచొచ్చి టీ బండి దగ్గర ఆగాం. అమ్మ చెప్పు విప్పి అడుగున చూసింది. "ఇదిగో, పల్లేరు కాయ. మన కావలి ఇసుకలోనే అనుకున్నా, ఇక్కడా ఉందిరా!" టీ అతను తొంగిచూసి, తమిళంలో దాని పేరు "నెరింజి" అన్నాడు.

కాయను అక్కడే పీకి పారేసి, వచ్చిన దారినే వెనక్కి వెళ్లి మొక్క కోసం వెతికాం. నేలకు అతుక్కుని పాకిన తీగ, దాని మీద గోరంత పసుపు పూలు, ఐదేసి రేకులు. ముల్లు తగలని కాలు లేదు గానీ ఈ పువ్వును పరీక్షగా చూసినవాళ్లు తక్కువ. పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికల్లా వాడిపోతుంది మరి. ప్రాచీన తమిళ కవితలో ఒక నాయిక తన ప్రియుణ్ని దీనితోనే పోల్చింది: ముందు కంటికి ఇంపుగా పూసి, తర్వాత ముళ్లు కాశాడని.

కాయ ఎండితే ఐదు చెక్కలవుతుంది. ఒక్కో చెక్కకు రెండు పెద్ద ముళ్లు, రెండు చిన్నవి. ఎలా పడినా ఏదో ఒకటి పైకి నిలబడుతుంది. గొర్రె గిట్టకో, సైకిల్ టైరుకో గుచ్చుకుని ఊరు దాటుతుంది. చెక్క లోపల మామూలుగా రెండు నుంచి నాలుగు గింజలు, వేర్వేరు గదుల్లో ఉంటాయి. నాకు బాగా నచ్చింది ఇదే: అన్నీ ఒకేసారి మొలవవు. సాధారణంగా పెద్ద గింజ ముందు లేస్తుంది, మిగతావి ఏళ్ల తరబడి ఇసుకలో ఆగగలవు. చెన్నైలో పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకానే. ఒక జల్లుకు మొలిచిన మొక్క తర్వాత ఎండిపోయినా, రైతు గాదెలో విత్తనం దాచినట్టు ఇంకో గింజ మిగిలే ఉంటుంది.

మొలిచాక ఎండతో పోరు. ఇసుకలో నీరు నిలవదు. పల్లేరు కూడా చెరుకు, మొక్కజొన్నల్లాగే కార్బన్ డయాక్సైడ్‌ను ముందు నాలుగు కార్బన్ల పదార్థంగా పట్టి, ఆకు లోపలి కణాల్లో పోగేసుకుంటుంది. అందుకే ఆకు రంధ్రాలు ఎక్కువగా తెరవక్కర్లేదు, నీరు తక్కువ ఖర్చవుతుంది.

అమెరికాలో దీన్ని టైర్లు పంక్చర్ చేసే కలుపుగా చూస్తారు. 1961లో ఇటలీ నుంచి రెండు రకాల ముక్కు పురుగుల్ని తెచ్చి వదిలారు. ఒకటి గింజల్ని, ఇంకోటి కాడల్ని తింటుంది. ఇక్కడ మాత్రం పల్లేరు పరాయిది కాదు, ఈ నేలదే.

తిరిగొస్తూ అడుగులు లెక్కపెట్టాను. తీగ నుంచి అమ్మ కాయను పారేసిన చోటికి నూట ఇరవై.