ఒక్క చార్జి, ఎన్ని బరువులు

నల్లగొండ జిల్లా వార్తల పేజీలో చార్జి అనే మాట లేని రోజు అరుదు. దేవరకొండ బస్సుకు చార్జీలు పెరిగాయని ఒక మూల, ధర్నా చేస్తున్నవారిపై లాఠీచార్జి జరిగిందని ఇంకో మూల. పాత కేసులో పోలీసులు చార్జిషీటు వేశారని ఒక వార్త, దాని పక్కనే జిల్లా ఇన్‌చార్జి మంత్రి సమీక్ష. ఇదంతా ఫోనులో చదువుతున్న మనిషికేమో చార్జింగ్ అయిపోవస్తోందన్న బెంగ. టికెట్టు డబ్బుకూ లాఠీ దెబ్బకూ, నేరారోపణకూ కరెంటుకూ చుట్టరికం ఏమిటి?

తెలుగు చెవి వీటిని విడివిడిగానే అందుకుంది. బస్సుకు ఇచ్చేది చార్జీ, ఫోనుకు పెట్టేది చార్జింగ్, ఆఫీసులో ఉండేది ఇన్‌చార్జి. బస్సెక్కి కండక్టరుకు చార్జింగ్ ఇచ్చానని ఎవరూ అనరు. ఒకటి బస్టాండు నుంచి వచ్చింది, ఒకటి ఠాణా నుంచి, ఒకటి కలెక్టరేటు నుంచి, ఒకటి ఫోన్ల దుకాణం నుంచి. అందుకే ఇవన్నీ ఒకే మాట అన్న సంగతి మనకు తట్టదు. బడిలో పిల్లలు చార్జ్ కింద ఆరేడు అర్థాలు వరసగా రాసుకుని బట్టీ పడతారు. ఆ వరసలో ఒకదానికీ మరొకదానికీ సంబంధం ఏమిటో పుస్తకం చెప్పదు. సంబంధం మాత్రం గట్టిగానే ఉంది. అన్నిటికీ మూలం ఒక బండి.

సరుకులు మోసే బండిని రోమన్లు కర్రుస్ అనేవారు. ఆ మాట వారికి కెల్టిక్ భాషల నుంచి వచ్చింది. దాని నుంచి తర్వాతి కాలపు లాటిన్‌లో బండికి బరువెక్కించడం అనే అర్థంలో కర్రికారే అనే క్రియ పుట్టింది. అదే పాత ఫ్రెంచిలో రూపం మార్చుకుని, 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తర్వాతి కాలంలో ఇంగ్లిష్‌లోకి చేరి చార్జ్ అయింది. తొలి రోజుల్లో దానికి బరువు అనే అర్థం. కర్రుస్ సంతానం మన ఇళ్ల చుట్టూ చాలానే ఉంది. వాకిట్లో నిలిపిన కారు, సైకిలు వెనక క్యారియర్, టిఫిన్ క్యారియర్, బస్టాండులో పార్శిళ్లు తీసుకునే కార్గో కౌంటరు, అన్నీ ఆ వంశమే.

బరువు దగ్గర నిలబడి చూస్తే మిగతావి ఒక్కొక్కటే విడివడతాయి. ఉద్యోగి నెత్తిన పెట్టిన పని బరువే కాబట్టి అతను ఇన్‌చార్జి. కొనేవాడి జేబు మీద పడే బరువు చార్జీ. నిందితుడి మీద పెట్టిన నేరం బరువు చార్జి, దాన్ని రాసిన కాగితం చార్జిషీటు. ఈ మూడు అర్థాలూ 15వ శతాబ్దం ముగిసేలోపే ఇంగ్లిష్‌లో స్థిరపడ్డాయి.

ఇది ఇంగ్లిష్ వారికి మాత్రమే తట్టిన ఆలోచన అనుకుంటే పొరపాటు. మన మోపు అనే మాట తీసుకోండి. పొలం నుంచి గడ్డి మోపు నెత్తిన పెట్టుకుని వస్తారు. అది కళ్లకు కనిపించే బరువు. అదే మాట క్రియగా మారితే ప్రభుత్వం ప్రజలపై పన్నుల భారం మోపుతుంది, పోలీసులు ఒకరిపై హత్యానేరం మోపుతారు, ఇంటి బాధ్యతంతా పెద్దకొడుకు మీద మోపుతారు. డబ్బు, నేరం, బాధ్యత: చార్జ్ ఏ మూడు దారులు పట్టిందో మోపు కూడా సరిగ్గా అవే దారులు పట్టింది. లాటిన్‌కూ తెలుగుకూ రక్తసంబంధం లేదు. మోపు అచ్చమైన తెలుగు మాట, మోయడంతో పుట్టినది. రెండు భాషలూ ఒకదాన్నొకటి చూడకుండానే ఒకే చోటికి చేరాయి. నాకు ఈ వ్యవహారమంతటిలో అన్నిటికంటే విలువైన సంగతి ఇదే.

కారణం మనిషి శరీరంలో ఉంది. మూట నెత్తిన పెడితే మెడ నరాలకు తెలుస్తుంది. అప్పు, నింద, బాధ్యత కంటికి కనబడవు, చేతికి తగలవు. కనబడని వాటిని ఒంటికి తెలిసిన అనుభవం మీదుగా పట్టుకోవడం మనసు పనిచేసే పద్ధతుల్లో ఒకటని భాషావేత్త జార్జ్ లేకాఫ్, తత్వవేత్త మార్క్ జాన్సన్ 1980లో వివరంగా వాదించారు. మన ఎక్కించు కూడా అలాంటిదే. మిర్యాలగూడ రైస్‌మిల్లుల దగ్గర హమాలీలు లారీకి బస్తాలు ఎక్కిస్తారు. ఆస్పత్రిలో రోగికి రక్తం ఎక్కిస్తారు, గుమాస్తా ఖాతాలో లెక్క ఎక్కిస్తాడు. బరువు పెట్టడం కాస్తా నింపడం అయిపోయింది.

ఇంగ్లిష్ చార్జ్‌కూ ఆ మలుపు వచ్చింది. 16వ శతాబ్దానికి తుపాకిలో మందు కూరడం కూడా చార్జ్ చేయడమే. ఆ రోజుల్లోనే శత్రువు మీదికి ఒక్కుమ్మడిగా దూకడానికీ అదే మాట అలవాటైంది. హిందీ లాఠీ పక్కన చేరిన చార్జి ఈ యుద్ధపు చార్జే.

కరెంటుకు వద్దాం. 1745లో ప్రష్యాలో ఎవాల్డ్ ఫాన్ క్లైస్ట్, ఆ వెంటనే నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో పీటర్ వాన్ ముషెన్‌బ్రోక్, రాపిడితో పుట్టిన విద్యుత్తును గాజు సీసాలో నిలవ చేయవచ్చని కనుగొన్నారు. దాన్ని లైడెన్ జాడీ అంటారు. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆ జాడీలతో ప్రయోగాలు చేస్తూ విద్యుత్తు నింపడానికి చార్జ్ అనే మాట వాడాడు. తుపాకిలో మందులాగే జాడీలోకి ఏదో కూరుతున్నామన్న ఊహ అందులో ఉంది. కొన్ని జాడీలను కలిపి వాడినప్పుడు ఆ వరసకు బ్యాటరీ అని పేరు పెట్టాడు. అప్పటికి బ్యాటరీ అంటే సైన్యంలో ఫిరంగుల వరస. టార్చిలైటులో వేసుకునే బ్యాటరీకి ఆ పేరు అలా దక్కింది.

లైడెన్ జాడీకి నేటి వారసుడు కెపాసిటర్. దక్షిణ తెలంగాణలో బోరు మోటారు ఉన్న చాలామంది రైతులకు అది తెలిసిన వస్తువే. సింగిల్ ఫేజ్ మోటారు స్టార్టర్ డబ్బా మూత తీస్తే లోపల పొట్టి గొట్టంలా, రెండు వైర్లతో కనిపిస్తుంది. కరెంటు పోయిన తర్వాత కూడా దాని కొసలు ముట్టుకుంటే షాక్ కొట్టవచ్చు. అందుకే తెలిసిన మెకానిక్ దాన్ని విప్పే ముందు అందులో మిగిలిన చార్జిని తీసేస్తాడు. గొట్టం లోపల పలుచని లోహపు పొరలు రెండు, వాటి మధ్య కరెంటును పోనివ్వని మరో పొర చుట్టలుగా చుట్టి ఉంటాయి. ఒక లోహపు పొరపై ఎలక్ట్రాన్లు ఎక్కువవుతాయి, రెండోదానిపై సరిగ్గా అన్నే తగ్గుతాయి. ఒక్కో ఎలక్ట్రాన్ మోసే చార్జి దాదాపు 1.602 × 10⁻¹⁹ కూలుంబులు (చార్జిని కొలిచే ప్రమాణం కూలుంబు). మొత్తంగా లెక్కవేస్తే కెపాసిటర్‌లోకి కొత్తగా చేరిన చార్జి సున్నా. ఒక పక్క ఎంత పెరిగిందో మరో పక్క అంతే తగ్గింది, వాటిని విడదీయడానికి పెట్టిన శక్తి మాత్రం అక్కడ నిలిచి ఉంది. జాడీ లోపలి వైపు పెరిగినంతా బయటి వైపు తగ్గుతుందని ఫ్రాంక్లిన్ కూడా గ్రహించాడు. అయినా నింపడం అనే మాట అప్పటికే నిలబడిపోయింది.

ఫోను బ్యాటరీ సంగతీ ఇంతే. చార్జింగ్ పెట్టినప్పుడు ఒక కొస నుంచి లోపలికి ఎన్ని ఎలక్ట్రాన్లు వస్తాయో రెండో కొస నుంచి అన్ని బయటికి పోతాయి. లోపల లిథియం అయాన్లు ఒక ఎలక్ట్రోడ్ నుంచి కదిలి గ్రాఫైట్ పొరల్లోకి చేరతాయి. ఫోను వాడుతున్నప్పుడు వెనక్కి వస్తాయి. మనం నింపుతున్నది చార్జిని కాదు, శక్తిని. బ్యాటరీలో ఎలక్ట్రాన్లు అయిపోయాయని పిల్లవాడు రాస్తే తప్పు పూర్తిగా పిల్లవాడిది కాదు. కొంత ఆ పాత మాటది.

బరువు ఎక్కించడం చార్జ్ అయితే దించడం డిశ్చార్జి. ఆస్పత్రి నుంచి డిశ్చార్జి, కేసు నుంచి తప్పించమని వేసే డిశ్చార్జి పిటిషన్, నదిలో సెకనుకు పారే నీటికి ఇంజనీర్లు వాడే డిశ్చార్జి, మూడూ ఇక్కడివే. నాగార్జునసాగర్ గేట్లు ఎత్తినప్పుడు వార్తల్లో చెప్పే క్యూసెక్కు ఆ లెక్కే: సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే దాదాపు 28.3 లీటర్లు. రీచార్జి అనగానే మనకు ఫోను గుర్తొస్తుంది గానీ, నల్లగొండ, మహబూబ్‌నగర్ రైతులకు ఇంకో రీచార్జి ప్రాణావసరం. ఇక్కడ నేల కింద ఎక్కువగా గ్రానైటు. నీరు నిలిచేది పైనున్న శిథిలమైన పొరలోనూ రాతి పగుళ్లలోనూ మాత్రమే. చెరువు నిండితే ఆ నీరు మెల్లగా ఇంకి పగుళ్లలోకి దిగుతుంది, చుట్టుపక్కల బోర్లలో మట్టం పెరుగుతుంది. భూగర్భ శాస్త్రవేత్తలు దీన్నే రీచార్జి అంటారు.

ఒక మాటకు ఇన్ని అర్థాలుంటే మెదడు తడబడదా? ముందు రెండు రకాలను విడదీయాలి. గద్వాల చీర అంచులోని పట్టు వేరు, పట్టు సడలించని మనిషిలోని పట్టు వేరు. మొదటిది సంస్కృతంలోని పట్ట నుంచి వచ్చింది, రెండోది పట్టుకోవడం నుంచి. శబ్దం ఒకటైంది గానీ ఇవి రెండు వేర్వేరు మాటలు. చేతిపట్టు, లెక్కల మీద పట్టు, పట్టుదల మాత్రం ఒకే మాట పెట్టిన కొమ్మలు. ఇంగ్లిష్ చార్జ్ ఈ రెండో కోవది. మనస్తత్వ శాస్త్రవేత్తలు జెన్నిఫర్ రాడ్, గారెత్ గాస్కెల్, విలియం మార్స్‌లెన్-విల్సన్ 2002లో ప్రచురించిన ప్రయోగాల్లో తేడా స్పష్టంగా తేలింది. చెట్టు బెరడుకూ కుక్క మొరుగుకూ ఒకటే అయిన బార్క్ లాంటి మాటలను గుర్తించడానికి మనుషులకు కాస్త ఎక్కువ సమయం పట్టింది. అర్థాలకు లోపల సంబంధం ఉన్న మాటలను మామూలు మాటల కంటే త్వరగా గుర్తించారు. అర్థాలు ఎక్కువైనా సంబంధం ఉంటే మెదడుకు అది భారం కాదు, సాయం.

మరో మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ స్విన్నీ 1979లో చేసిన ప్రయోగం ఇంకా ముచ్చటైనది. వినేవారి చెవుల్లో ఒక కథనం: గదిలో సాలీళ్లు, బొద్దింకలు, ఇంకా ఇతర బగ్స్ దొరికాయని. ఇంగ్లిష్‌లో బగ్ అంటే పురుగు, మాటలు చాటుగా వినే పరికరం కూడా. ఆ మాట వినబడిన క్షణంలోనే తెరపై చీమ, గూఢచారి, బట్టలు కుట్టడం అనే అర్థాలున్న ఇంగ్లిష్ మాటల్లో ఒకటి చూపించారు. సందర్భం పురుగులదే అని స్పష్టంగా తెలుస్తున్నా, చీమను ఎంత చురుగ్గా గుర్తించారో గూఢచారినీ అంతే చురుగ్గా గుర్తించారు. మరో మూడు అక్షరాలు వినేంత సేపు ఆగి చూపిస్తే చీమ ఒక్కటే చురుగ్గా అందింది. మెదడు ముందు రెండు తలుపులూ తెరిచింది, సెకను లోపే అక్కర్లేనిది మూసేసింది. మనకు తెలియకుండానే ఈ పని రోజంతా జరుగుతుంటుంది.

ఎక్కువగా వాడే మాటలకే ఎక్కువ అర్థాలు చేరతాయని అమెరికన్ భాషావేత్త జార్జ్ జిఫ్ 1945లో చూపించాడు. ఆయన లెక్కలో వాడుక వంద రెట్లయితే అర్థాలు సుమారు పది రెట్లవుతాయి. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు 1989 ముద్రణలో సెట్ అనే క్రియకు 430 అర్థాలున్నాయి. తర్వాతి సవరణలో రన్ 645తో దాన్ని దాటింది. పలకడానికి సులువైన పొట్టి మాటలను మళ్లీ మళ్లీ వాడుకుని, మిగతా పని సందర్భానికి వదిలేయడం భాషకు పొదుపని భాషను పరిశోధించే స్టీవెన్ పియంటడోసి, ఆయన సహచరులు 2012లో వాదించారు. ఆ వాదన నాకు నచ్చుతుంది, ఎందుకంటే అర్థాలు పెరగడం భాషలోని అయోమయం అన్న అభిప్రాయం మన తరగతి గదుల్లో ఇంకా బలంగా ఉంది.

దక్షిణ తెలంగాణ ప్రభుత్వ బడుల్లో తెలుగు మాధ్యమం నుంచి ఇంగ్లిష్ మాధ్యమానికి మారుతున్న పిల్లలకు భౌతికశాస్త్రంలో ఒక చార్జ్, సాంఘికశాస్త్రంలో ఇంకో చార్జ్ ఎదురవుతాయి. ఆరేడు అర్థాల జాబితా ఇవ్వడానికి ముందు మోపు, ఎక్కించు అనే రెండు తెలుగు మాటలు బోర్డు మీద రాసి, ప్రతి కొత్త వాక్యం దగ్గర ఒకే ప్రశ్న వేయవచ్చు: ఇక్కడ ఎవరి మీద ఏమి మోపారు, లేదా దేనిలోకి ఏమి ఎక్కించారు? ఇనుము తీసే బ్లాస్ట్ కొలిమిలో పైనుంచి వేసే ముడిఖనిజం, కోక్, సున్నపురాయి మిశ్రమాన్ని చార్జ్ అంటారు. నర్సు సంరక్షణలో ఉన్న పసిపిల్లలను ఇంగ్లిష్‌లో ఆమె చార్జెస్ అంటారు. ఈ రెండూ ఆ జాబితాలో లేకపోయినా, ఆ ప్రశ్న అలవాటైన పిల్లలు మొదటిది కొలిమికి ఎక్కించిన సరుకని, రెండోది నర్సు మీద మోపిన బాధ్యతని తామే చెప్పగలరు.