అర వడ్లగింజ బరువు

బంగారం తూచే పాత లెక్కలో తులానికి 96 గురివింద గింజలు. బ్రిటిష్ వారు స్థిరపరిచిన కొలతలో అదే తులం 180 గ్రెయిన్లు. అంటే ఒక్క గురివింద గింజకు రెండు గ్రెయిన్లు కూడా రావు. మన త్రాసుల మీదినుంచి ఎప్పుడో మాయమైన ఈ గ్రెయిన్ అమెరికాలో ఇంకా బతికే ఉంది. అక్కడ వేటకు, గురి పోటీలకు వెళ్లేవారిలో చాలామంది రైఫిల్ తూటాలను ఇంట్లోనే నింపుకొంటారు. పేలిన తూటా ఇత్తడి గుల్లను దాచి, దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే కొత్త ప్రైమర్ బిగించి, తుపాకి మందు తూచి పోసి, పైన గుండు కూర్చుతారు. మన దేశంలో లైసెన్సు లేకుండా ఈ పని చేయడం 1959 నాటి ఆయుధాల చట్టం కింద నేరం. అమెరికాలో అలా నింపుకొనేవారి త్రాసు గ్రెయిన్‌లో పదో వంతును కూడా పట్టి చూపుతుంది. అది ఆరున్నర మిల్లీగ్రాములు, మన సాంబ మసూరి వడ్లగింజ బరువులో సుమారు సగం.

అంత పట్టింపు ఎందుకో తెలియాలంటే మందు కాలే తీరు చూడాలి. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియేయ్ పొగరాని మందు తయారుచేశాడు. అంతకుముందు నత్రికామ్లంలో నానబెట్టిన దూదిని వాడి చూశారు. దాని పోగుల సందుల్లోకి మంట ఒక్కసారిగా దూరి తుపాకులను పగలగొట్టేది. వియేయ్ ఆ దూదిని ఈథర్, ఆల్కహాల్‌తో మెదిపి, కొమ్ములా గట్టిపడే పలుచని రేకులుగా చేసి ముక్కలు కోశాడు. ఇక మంట పైపొర నుంచి లోపలికి పొర తర్వాత పొరగా మాత్రమే వెళ్లగలదు. అయితే చుట్టూ పీడనం పెరిగేకొద్దీ ఆ మంట వేగమూ పెరుగుతుంది. మందు కాలితే వాయువు, వాయువుతో పీడనం, పీడనంతో మంట మరింత జోరు. అందుకే మందు పది శాతం పెంచితే పీడనం పది శాతంతో ఆగదు. దాన్ని దాటి చాలా దూరం పోతుంది.

.30-06 అనే ప్రసిద్ధ రైఫిల్ తూటాకు అమెరికా పరిశ్రమ ప్రమాణం విధించిన గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 60,000 పౌండ్లు. సముద్రంలో అత్యంత లోతైన మరియానా అగాధం అడుగున ఉండే పీడనానికి ఇది దాదాపు నాలుగింతలు. అంత పీడనం సెకనులో వెయ్యో వంతు పాటు, తుపాకి పట్టినవాడి చెంపకు జానెడు దూరంలో నిలుస్తుంది.

దాన్ని కొలవడమెలా? 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో ఆండ్రూ నోబుల్ చిన్న రాగి స్తంభాన్ని నమ్ముకున్నాడు. తూటా పేలే చాంబర్‌కు కలిపిన రంధ్రంలో ముషలకం (పిస్టన్), దాని మీద రాగి ముక్క. పేలాక ఆ రాగి ఎంత కుంగిందో కొలిచి పీడనాన్ని లెక్కకట్టేవారు. సరళమైన, అందమైన ఆలోచన. కానీ రాగి అణగడానికి సమయం కావాలి. అది పూర్తిగా కుంగేలోపే శిఖరం దాటిపోతుంది. ఒత్తిడికి విద్యుత్తు పుట్టించే స్ఫటికాలు వచ్చాక ఆ లోటు బయటపడింది. రాగి కొలతలో .223 రెమింగ్టన్, .308 వించెస్టర్ అనే రైఫిల్ తూటాలు రెండింటికీ పరిమితి ఒకటే, 52,000. స్ఫటికం కొలతలో మొదటిదానికి 55,000, రెండోదానికి 62,000 పౌండ్లు. ఒక కొలతను ఇంకొకదానిలోకి మార్చే తిన్నని సూత్రమేదీ లేదన్నమాట.

ఇంట్లో నింపుకొనేవారి దగ్గర స్ఫటికం ఉండదు. వారిలో చాలామంది పేలిన గుల్లను చూసి ఊహిస్తారు. ప్రైమర్ చదునైతే పీడనం ఎక్కువైందంటారు. నాకు ఈ పద్ధతి మీద నమ్మకం లేదు. ప్రైమర్ రేకు మెత్తదైతే మామూలు పీడనానికే చదునవుతుంది, గట్టిదైతే ప్రమాదకరమైన పీడనంలోనూ గుండ్రంగానే ఉంటుంది. చాంబర్‌ను వెనక నుంచి మూసే బోల్ట్ బిగుసుకుపోవడం నిజమైన గుర్తే, కానీ ఆలస్యంగా వచ్చేది. పేలినప్పుడు ఉక్కు చాంబర్ కాస్త సాగి మళ్లీ ముడుచుకుంటుంది. లోపలి ఇత్తడీ సాగుతుంది, కానీ వెనక్కి ముడుచుకోవడానికి దానికి ఒక హద్దుంది. ఉక్కు ఆ హద్దుకు మించి సాగిందంటే, తిరిగి వచ్చేటప్పుడు గుల్లను పిడికిలిలా పట్టేస్తుంది. తెరవడానికి చెయ్యి తడబడేసరికే పరిమితి దాటిపోయి ఉంటుంది.

కాబట్టి ఏ తూటాకు ఎంత మందు పోయాలో ప్రయోగశాలలో కొలిచి అచ్చువేసిన పట్టికలే ఆధారం. గరిష్ఠానికి సుమారు పది శాతం కింద మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పైకి వెళ్లాలి. గుండు వేగాన్ని కొలిచే క్రోనోగ్రాఫ్ ఇక్కడ మంచి సాక్షి. పట్టిక చెప్పిన వేగం కంటే ఎక్కువ వచ్చిందంటే, ఆ అదనపు వేగానికి మూల్యం ఎక్కడో పీడనం రూపంలో చెల్లిస్తున్నట్టే. పట్టికలో ఉన్న గుండు, గుల్ల, ప్రైమర్లలో ఏది మారినా లెక్క మళ్లీ కిందినుంచే. సైనిక గుల్లల గోడ మందంగా ఉంటే లోపలి చోటు తగ్గి, అదే మందు ఎక్కువ పీడనం పుట్టిస్తుంది.

ఎండ కూడా లెక్కలోకి వస్తుంది. వేడెక్కిన మందు మరింత చురుగ్గా కాలుతుంది. ఇంగ్లండ్‌లో 1889లో పుట్టిన కార్డైట్ అనే పొగరాని మందులో మొదట 58 శాతం నైట్రోగ్లిజరిన్ ఉండేది. అది వేడికి ఇంకా చురుకవుతుంది కనుక వేడి దేశాల్లో వేటకు వెళ్లేవారి కోసం ఆంగ్ల కంపెనీలు మందు తగ్గించిన తూటాలను విడిగా అమ్మేవి.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది పేర్ల పోలిక. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫిరంగి మందు మిగిలిపోతే, బ్రూస్ హాడ్జ్‌డన్ దాన్ని కొని 4831 అనే సంఖ్యతో అమ్మాడు. తర్వాత ఐఎంఆర్ అనే మరో బ్రాండు పేరుతోనూ 4831 వచ్చింది. అది హాడ్జ్‌డన్ మందు కన్నా వేగంగా కాలుతుంది. రెండూ తరిగిన సేమ్యా ముక్కల్లాంటి నల్లని పుల్లలే, డబ్బా మీద అంకె కూడా ఒకటే. ఒకదాని పట్టిక చూసి రెండోది పోస్తే త్రాసు ఎంత నిక్కచ్చిగా తూచినా ప్రయోజనం లేదు. అనుభవజ్ఞులు తూచేటప్పుడు బల్ల మీద ఒక్క డబ్బానే ఉంచుతారు. పని అయ్యాక మిగిలిన మందును అదే డబ్బాలోకి పోసి మూత బిగించి, అల్మారాలో పెట్టి, ఆ తర్వాతే ఇంకొకటి తీస్తారు.