అంగన్‌వాడీ ఆరుబయట నుంచి గదిలోకి ఎలా వెళ్లింది?

అంగన్‌వాడీలను బడి ఆవరణలోకి మార్చాలన్న కో-లొకేషన్ మార్గదర్శకాలతో, బడి పిల్లల దగ్గరికి వెళ్లాలా, పిల్లలే బడికి రావాలా అన్న పాత తగువు మళ్లీ లేచింది. 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో ఐసీడీఎస్ (అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి పథకం) మొదలవడం తెలిసిన చరిత్రే. ఇప్పటి గొడవ మూలం మాత్రం అంతకు ముప్పై ఏళ్ల ముందు, మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో ఉంది.

1945లో శిశువిద్యావేత్త తారాబాయి మోదక్ అక్కడ బాలవాడి, అంటే చిన్నపిల్లల బడి తెరిచారు. వాడల్లోని పేద పిల్లలు రాలేదు. దాంతో బడినే వాళ్ల వాకిళ్లలోకి నడిపించారు. వాకిట్లో నడిచే ఆ బడే అంగన్‌వాడీ. ఖరీదైన మాంటిస్సోరి సామగ్రి బదులు గవ్వలు, గులకరాళ్లు, ఆకులు, గింజలు వచ్చాయి. 1957లో పని కోస్బాడ్ గుట్టకు చేరింది. పశువులు కాసే వార్లీ గిరిజన పిల్లల కోసం పచ్చికబయలే తరగతి అయింది. పిల్లలున్న చోటికి బడి వెళ్లాలన్నదే ఆ పద్ధతికి ప్రాణం. ఆమె సహచరి అనుతాయి వాఘ్ దాన్ని ముందుకు నడిపారు.

ఐసీడీఎస్‌ ఆ పేరు తీసుకుంది, పద్ధతిని వదిలేసింది. దాని ఆరు సేవల్లో పూర్వప్రాథమిక విద్య ఒకటి మాత్రమే. టీచర్ పొద్దంతా పిల్లల బరువులు తూచడానికి, పోషకాహారానికి, రిజిస్టర్లకే సరి. తర్వాత సొంత భవనాల కోసం ఉపాధి హామీ నిధులు కలిపారు. అంగన్‌వాడీ కేంద్రం 600 చదరపు అడుగులకు తగ్గకూడదని, లోపలా బయటా ఆటస్థలం ఉండాలని నిబంధన. కానీ పనులు కొలిచి రాసే ఎం-బుక్‌లో గోడకు, స్లాబుకు కొలత ఉంటుంది, చెట్టు నీడకు ఉండదు. బయటి స్థలం అలా జారిపోయింది.

బడిలో కలిపితే మరుగుదొడ్డి, నీళ్లు, ప్రహరీ దొరుకుతాయని, ఒకటో తరగతికి మారడం సులువని అధికారుల వాదన. ఇరుకు అద్దెగదుల్లో నడిచే కేంద్రాలకు అది నిజమే.

అయితే వాడ నుంచి దూరం పెరుగుతుంది. ప్రాథమిక బడికి పెట్టిన కిలోమీటరు ఆరేళ్లు నిండిన వాళ్ల లెక్క, మూడేళ్ల పిల్ల దాన్ని రోజూ నడవలేదు. పెద్దపిల్లలు క్రికెట్ ఆడే గట్టినేల చిన్నవాళ్లకు పనికిరాదు. వాళ్లకు వేప, కానుగ నీడ, జానెడు లోతు ఇసుక కావాలి. రాత్రి టార్పాలిన్ కప్పకపోతే కుక్కలు, పిల్లులు ఆ ఇసుకను పాడుచేస్తాయి. గన్నేరు, ఉమ్మెత్త మొక్కలు పీకేయాలి. గింజలు వేరుచేసే ఆటలో గురివింద, ఆముదం ఉండకూడదు, నమిలితే విషం. మూడేళ్లలోపు వాళ్ల చేతికి చింతగింజ కూడా ఇవ్వకూడదు, ముక్కులో పెట్టుకుంటారు. ఎండాకాలం బయటి పని పదిలోపే ముగించాలి.

అన్నిటికన్నా చిక్కు మనుషులతోనే. పాతికమందిని బయటికి తీసుకెళ్లాలంటే ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. ఆయా పొయ్యి దగ్గరుంటే టీచర్ ఒక్కతే మిగులుతుంది, తలుపు వేసుకుంటుంది. కేంద్రాన్ని వాడలో ఉంచినా, బడిలో కలిపినా, వంట వేళకు ఇంకో మనిషిని ఇవ్వకపోతే పిల్లలు గది దాటరు. ప్రస్తుత చర్చలో దీని ఊసే లేదు.