ఆక్సెల్ ఎప్పుడు నేర్పుతారని అడిగిన పిల్లలకు

విశాఖపట్నం

చిరంజీవులు రింకు పిల్లలందరికీ ఆశీస్సులు.

జపాన్ ఐస్ స్కేటర్ యుజురు హన్యూ వీడియోలు చూసినప్పటి నుంచి మీ అందరిదీ ఒకటే అడగడం, ఆక్సెల్ అనే ఆ ఎగురు మాకెప్పుడు నేర్పుతారని. శివాజీ పార్కులో అయినా, వుడా పార్కులో అయినా మనవి చక్రాలే, ఐసు లేదు. దానికి బెంగ అక్కర్లేదు. ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగులోనూ ఆక్సెల్, లట్జ్, లూప్ లాంటి ఎగుళ్ళన్నీ ఉన్నాయి. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామా రెండు కాంస్యాలు తెచ్చింది ఈ ఆటలోనే.

హన్యూ 1994 డిసెంబరు 7న జపాన్‌లోని సెండాయ్‌లో పుట్టాడు. పసితనం నుంచీ ఉబ్బసం. నాలుగో ఏట అక్క వెనకాలే రింకుకు వెళ్ళి స్కేట్లు కట్టాడు. 2011 మార్చి 11న భూకంపం వచ్చేసరికి ప్రాక్టీసులో ఉన్నాడు, స్కేట్లతోనే బయటికి పరుగెత్తాడు. రింకు మూతపడింది. అప్పుడు ఊరూరా తిరిగి దాదాపు 60 ఐస్ షోల్లో ఆడుతూ, వాటినే సాధనగా మలచుకున్నాడు. మరుసటి ఏడాది టొరంటోలో కోచ్ బ్రయన్ ఓర్సర్ దగ్గర చేరాడు. 2014 సోచి ఒలింపిక్స్‌లో షార్ట్ ప్రోగ్రాంలో, అంటే మొదట ఆడే చిన్న అంశంలో, 101.45 పాయింట్లు వచ్చాయి. వంద దాటడం ఎవరికైనా అదే మొదలు. తర్వాత ఆడే పెద్ద అంశం ఫ్రీ స్కేట్‌లో పడినా స్వర్ణం ఆయనదే.

అదే ఏడాది నవంబరులో షాంఘైలో వార్మప్ చేస్తూ ఇంకో స్కేటర్‌ని గట్టిగా ఢీకొన్నాడు. తలకి కట్టు కట్టుకుని మళ్ళీ దిగి, ఐదుసార్లు పడి, రెండో స్థానంలో నిలిచాడు. ఆ వీడియో చూసి చప్పట్లు కొడుతున్నారు మీరు. నాకు మాత్రం అది నచ్చలేదు. తలకి దెబ్బ తగిలితే ఆ రోజుకి స్కేట్లు విప్పేయాల్సిందే, పతకం పోయినా సరే.

నన్నడిగితే ఆయనలో చూడాల్సింది 2018. అంతకుముందు నవంబరులో క్వాడ్ లట్జ్, అంటే గాల్లో నాలుగు చుట్లు తిరిగే లట్జ్, సాధన చేస్తూ కుడి చీలమండ దెబ్బతింది. మధ్యలో ఒక్క పోటీ కూడా ఆడకుండా నేరుగా ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌కి వచ్చాడు. లట్జ్‌నీ, క్వాడ్ లూప్‌నీ తీసేశాడు. నాలుగు చుట్ల ఎగుళ్ళలో సాల్కావ్, టో లూప్ మాత్రం ఉంచుకుని గెలిచాడు. 1952లో డిక్ బటన్ తర్వాత పురుషుల ఫిగర్ స్కేటింగులో వరసగా రెండో ఒలింపిక్ స్వర్ణం మళ్ళీ 66 ఏళ్ళకి ఈయనదే. ఏది వదిలేయాలో అంత బాగా తెలిసినవాడు కాబట్టే, 2022 బీజింగ్‌లో క్వాడ్ ఆక్సెల్ పెట్టుకున్నాడంటే తెలిసే పెట్టుకున్నాడని నేను నమ్ముతాను. పడ్డాడు, చుట్టు కాస్త తక్కువైంది, నాలుగో స్థానం వచ్చింది. కానీ పోటీలో దాన్ని క్వాడ్ ఆక్సెల్‌గా రికార్డుకెక్కించిన మొదటివాడు ఆయనే.

ఇంతకీ ఆ ఎగురులో కష్టం ఎక్కడుంది? మిగతా పెద్ద ఎగుళ్ళన్నీ వెనక్కి జారుతూ మొదలవుతాయి, ఆక్సెల్ ఒక్కటే ముందుకు. దిగడం మాత్రం అన్నింటికీ వెనక్కే. అందుకే ఇందులో అరచుట్టు ఎక్కువ. సింగిల్ అంటే ఒకటిన్నర, క్వాడ్ అంటే నాలుగున్నర చుట్లు. అదంతా సెకను కూడా లేని సమయంలో అయిపోవాలి. ఐస్ స్కేటు బ్లేడు మందం సుమారు 4 మిల్లీమీటర్లు. దాని కింద సన్నటి గాడి, ఇరువైపులా రెండు అంచులు. హన్యూ ఎడమ కాలి బయటి అంచు మీద లేచి, కుడి కాలి బయటి అంచు మీద వెనక్కి దిగుతాడు. మనకైతే బయటి అంచంటే బయటి రెండు చక్రాల మీదికి వాలడం. ట్రక్ (బూటు కింద చక్రాల ఇరుసును పట్టి ఉంచే భాగం) నట్టు మరీ బిగించారంటే ఆ వాలు రాదు, వదులుగా ఉంటే బూటు ఊగుతుంది.

మీలో ఎక్కువమంది చేసే తప్పు భుజాలతో. నేల వదలకముందే తిప్పేస్తారు, అంచు జారిపోతుంది, ఎత్తు రాదు. కుడి మోకాలు ఎదురుగా పైకి రావాలి. పక్కనుంచి గుండ్రంగా తిప్పితే ఒళ్ళు వాలి తుంటి మీద పడతారు. గాల్లో బరువు ఎడమ నుంచి కుడికి మారకపోతే రెండు కాళ్ళ మీదా దిగుతారు. ఈ మూడోది సరిచేసుకోవడమే అన్నింటికన్నా ఆలస్యం. అందుకే ముందు వాల్ట్జ్ జంప్, అంటే అరచుట్టు. తర్వాత లూప్, దాంతోపాటు బ్యాక్ స్పిన్, అంటే కుడి కాలి మీద ఉన్నచోటే గిరగిర తిరగడం. వాల్ట్జ్ జంప్‌లా లేచి గాల్లో బ్యాక్ స్పిన్‌లోకి వెళ్ళడమే ఆక్సెల్. ఇంటి దగ్గర స్పోర్ట్స్ షూ వేసుకుని, స్కేట్లు లేకుండా రోజూ పది పదిహేను చేయండి. పడేటప్పుడు చేతులు వెనక్కి ఆనించకండి, మణికట్టు విరుగుతుంది. మోకాళ్ళు వంచి, పక్కకి తొడ మీదికి జారండి.

ఇంకో మాట. మన సముద్రపు గాలికి బేరింగులు తొందరగా తుప్పు పడతాయి. ప్రాక్టీసు అయ్యాక పొడి గుడ్డతో తుడవండి, బరబరమంటుంటే ఒకటి రెండు చుక్కల నూనె వేయండి.

బ్యాక్ స్పిన్ మూడు చుట్లు కదలకుండా నిలబెట్టగలిగినవాళ్ళు హెల్మెట్, తుంటి ప్యాడ్లు తీసుకుని రండి, సింగిల్ ఆక్సెల్ మొదలుపెడదాం.

ఇట్లు,
మీ మాస్టారు